కొలిమిగుండంలో మౌని

ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండా పని చెప్పడం పెద్దస్వామి అలవాటు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక ఉపాధ్యాయుడి చేత ఆయన రెండు బస్తాల బియ్యంలో రాళ్లు ఏరించారు. భక్తి గొప్పదా, జ్ఞానం గొప్పదా అని అడిగిన వకీలుగారిని ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవు దగ్గర కాపలా పెట్టారు. వాళ్లకు జవాబులు దొరికాయో లేదో తెలియదు గాని, ఆశ్రమంలో అన్నం బాగుపడింది, ఆవూ దూడా క్షేమంగా బయటపడ్డాయి. అందువల్ల అక్కడ ప్రశ్నలడిగేవాళ్లు తక్కువ. అడిగేవాడు ముందు ఒళ్లు వంచడానికి సిద్ధపడి అడగాలి.

విశ్వపతి అలా సిద్ధపడి అడగలేదు. విసిగి వేసారి అడిగాడు. అది కూడా నోటితో కాదు, పలక మీద బలపంతో రాసి అడిగాడు. అతను అప్పుడు మండలం రోజుల మౌనవ్రతంలో ఉన్నాడు. ఇక ఒక్క రోజే మిగిలింది.

ఈ విశ్వపతి పుట్టిందీ పెరిగిందీ బస్టాండు ఎదురుగా ఉన్న మేడమీద. కింద టిఫిన్ హోటలు, పక్కన కేసెట్ల దుకాణం, తెల్లారకముందే మొదలయ్యే కండక్టర్ల కేకలు. ముప్పై ఏళ్లు దాటాక ఇల్లు విడిచి ఆశ్రమానికి వచ్చేస్తే, ఆహా ఎంత వైరాగ్యం అని బంధువులు కళ్లొత్తుకున్నారు. అసలు సంగతేమిటంటే, దేవుడు కనబడకపోయినా ఫరవాలేదు, హారన్ వినబడకపోతే చాలు అనుకునే స్థితికి చేరుకున్నాడు పాపం. ఆశ్రమం వెనక బూడిదకొండ ఉంది. ఎన్నో తరాల కిందట నిప్పులు కక్కి చల్లారిపోయిన కొండ అది. ఆ నిప్పు వెళ్లగక్కిన నోట్లో ఇప్పుడు నీళ్లు నిండి చెరువైంది. దాన్ని కొలిమిగుండం అంటారు. ఆ కొండ ఏ జిల్లాలో ఉందని మాత్రం అడక్కండి. చెబితే ఆదివారం కార్లేసుకుని వెళ్లి, అక్కడ ప్లాస్టిక్ సీసాలు పారేసి వస్తారు. గుండం అంచు మీద ఎప్పుడో ఒక సాధువు కట్టుకున్న రాతిగది ఒకటి ఖాళీగా ఉంది. విశ్వపతి కన్ను ఆ గది మీద పడింది. తనకు ఇప్పించమని కాళ్లావేళ్లా పడితే పెద్దస్వామి, "మండలం రోజులు మౌనం నిలబెట్టు. ఆ తర్వాత గది నీదే," అన్నారు. విశ్వపతి ఆ క్షణమే నోరు మూశాడు.

అతను నోరు మూసిన మర్నాడే అచ్చయ్యమ్మ వచ్చి వంటశాలలో చేరింది. కొండ అవతలి పేట నుంచి వచ్చిన మనిషి, అరవై దాటిన వయసు, గట్టి ఒళ్లు, అంతకంటే గట్టి గొంతు. ఆవిడ కట్టెలతో మాట్లాడుతుంది, కట్టెలు మండకపోతే పొగతో మాట్లాడుతుంది, వంకాయలో పురుగు కనబడితే దాని తల్లిదండ్రుల్ని కూడా కలుపుకుని మాట్లాడుతుంది. ఆశ్రమంలో మిగతావాళ్లు ఏదో పని ఉన్నట్టు తప్పుకునేవారు. తప్పుకోవడానికి సాకు చెప్పాలన్నా నోరుండాలి కదా. విశ్వపతికి అదీ లేకపోయింది. మధ్యలో అడ్డు తగలడు, మాట మార్చడు, వెళ్లొస్తానని అనడు. ఇలాంటి శ్రోత అచ్చయ్యమ్మకు జన్మలో దొరకలేదు. అతను మామిడిచెట్టు కిందికి మారితే అక్కడికి వచ్చి చింతపండు పిక్కలు తీసేది. గోశాల వెనక్కి మారితే పిడకలు తేవడానికి అటే వచ్చేది. ఒకరోజు అతను పలక మీద 'నేను మౌనంలో ఉన్నాను, దయచేసి వెళ్లండి' అని పెద్ద అక్షరాలతో రాసి ముఖం ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత గుండ్రంగా రాశావు నాయనా! నాకు చదువు రాదు గాని అందం తెలుసు," అని మెచ్చుకుని, చీర కుచ్చెళ్లు సర్దుకుని ఎదురుగా కూర్చుంది.

అందుకే ఆ సాయంత్రం అతను పెద్దస్వామి దగ్గరికి వెళ్లి పలక చాచాడు. దాని మీద ఇలా ఉంది: 'స్వామీ, నాకు ఏకాంతం ఎప్పుడు దొరుకుతుంది?' బలపం ఎంత గట్టిగా నొక్కాడంటే చివరి అక్షరం దగ్గర ముక్క విరిగింది.

పెద్దస్వామి చదివారు. భుజం మీది కండువాతో పలక శుభ్రంగా తుడిచి తిరిగి ఇచ్చారు. "రేపు కొలిమిగుండానికి వెళ్లిరా. గది చూసుకున్నట్టూ ఉంటుంది. పొద్దున్నే బయల్దేరితే దీపాలు పెట్టే వేళకు వచ్చేయవచ్చు," అన్నారు. విశ్వపతి ముఖం విప్పారింది. ఒంగి దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్లాడు. అప్పుడు వెనకనుంచి స్వామి, "అన్నట్టు, అచ్చయ్యమ్మ కూడా వస్తుంది. ఏటా ఈ రోజుల్లో వెళ్తుందట. ఆ చోటికి ఒంటరిగా పోకూడదు," అన్నారు. విశ్వపతి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. మౌనం లేకపోతే ఆ పూట అతను గురువుగారితో ఏమనేవాడో ఊహించుకోవలసిందే.

ఆ ఎక్కుడు గురించి ఏం చెప్పమంటారు! మొదట తుమ్మచెట్లు, తరవాత గడ్డి, ఆ పైన అంతా నల్లరాయి. కాల్చిన రొట్టెలా చిల్లులు పడ్డ రాయి, చేతిలోకి తీసుకుంటే సొరకాయ బుర్రంత తేలిక, కాలు పెడితే మాత్రం కత్తి. అయినా విశ్వపతి ఆ దారిలో పరుగులాంటి నడక నడిచాడు. ఆవిడకు అందకుండా పోవాలని అతని ఆశ. వయసులో సగం ఉన్నాడు కదా, పోగలడనే అనుకున్నాడు. కాని ప్రతి మలుపులోనూ చెప్పులో రాయి దూరేది, లేదా పంచె ముళ్లకు తగులుకునేది, దాన్ని విడిపించుకునేలోగా అచ్చయ్యమ్మ మాట ముందు వచ్చేది, వెనక అచ్చయ్యమ్మ వచ్చేది. నెత్తిన చిన్న బుట్ట, అందులో ప్రమిద, నూనె సీసా, అగ్గిపెట్టె, పులిహోర పొట్లం. గొర్రెల గురించి చెప్పింది. అగ్గిపుల్ల గురించి ఏదో చెప్పింది. పోలయ్య అనే ఒకాయన గురించి మొదలుపెట్టి, అంతలో ఆయనకు ఇష్టమైన చేపల పులుసులోకి వెళ్లి, అక్కడినుంచి గాలి గురించి ఏదో చెబుతూ, "ఇది మాత్రం గుర్తుపెట్టుకో నాయనా," అంది. ఆ సమయంలో విశ్వపతి మనసులో పెదవి కదపకుండా నామం జపిస్తున్నాడు. జపం దేవుడి కోసం కాదు, ఆవిడ మాట చెవిలోకి దిగకుండా అడ్డం పెట్టడానికి. ఈ ఒక్క పగలూ, రాబోయే రాత్రీ గడిస్తే చాలు, ఆ పైన ఈ గొంతు ఈ కొండ దిగువనే ఉండిపోతుందని తనకు తాను నచ్చజెప్పుకుంటూ ఎక్కాడు.

ఎండ నడినెత్తికి రాకముందే అంచు చేరారు. అతనే ముందు చేరాడు. గది చూశాడు. నాలుగు రాతిగోడలు, పెంకుల కప్పు, చెక్క తలుపు, గుండం వైపు ఒకే ఒక్క కిటికీ. కిటికీలోంచి చూస్తే కింద గిన్నెలాంటి గుండం అడుగున పచ్చటి నీళ్లు, చిన్న అల కూడా లేదు. గాలి స్తంభించి ఉంది. పక్షి లేదు, కీచురాయి లేదు. విశ్వపతి గది మధ్యలో నిలబడి విన్నాడు. వినడానికి ఏమీ లేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. చాప ఇక్కడ, కూజా అక్కడ, ఈ మూలన పుస్తకాలు అని మనసులోనే కాపురం పెట్టేశాడు. అంతలో బయట, "అబ్బబ్బ, మోకాళ్లు! ఈ కొండకి ఏటా ఒక మెట్టు పెరుగుతోందయ్యా!" అని వినబడింది.

అచ్చయ్యమ్మ బుట్ట దింపి, చెంగుతో ముఖం తుడుచుకుని, గుండం వైపు చూసి మొదటిసారిగా గొంతు తగ్గించింది. "గాలి ఆడటంలేదు," అంది. "ఇట్టాంటి రోజు మంచిది కాదు. అయినా వచ్చింది వచ్చాం. ఇదిగో నాయనా, నేను నీళ్ల దగ్గరికి దిగి మా ఆయనకి దీపం పెట్టి వస్తా. నువ్వు ఈ రాతిమీదే కూర్చో. దిగుతా నేను పిలుస్తా, నువ్వు పలకాలి. నేను పిలవడం, నువ్వు పలకడం. ఇక్కడ దిగేవాళ్లెవరూ నోరు ముయ్యకూడదు, పైనున్నవాడూ ముయ్యకూడదు. అది మా పేట కట్టుబాటు."

విశ్వపతి పలక ఎత్తి చూపించాడు, చదవదని మరిచిపోయి. తరవాత పెదవుల మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"నీ మౌనం సంగతి నాకు తెలుసు. ఒక్క 'ఊఁ' అను, చాలు. 'ఊఁ' అంటే మాట కాదు కదా!"

మాటో కాదో శాస్త్రం ఏం చెబుతుందో గాని, విశ్వపతికి మటుకు అది మాటే. ఇన్నాళ్లు ముక్కుతోనైనా మూలగనివాడు, చివరి రోజున ఈవిడకోసం 'ఊఁ' అంటాడా? పైగా ఈ కట్టుబాటు ఈవిడ అప్పటికప్పుడు కల్పించిందేనని అతని గట్టి అనుమానం. ఊరికే మాట్లాడించడానికి ఇదో ఎత్తు. తల మళ్లీ అడ్డంగా ఊపి, రెండు చేతులూ చూపించి, చప్పట్లు కొడతానని సైగ చేశాడు.

"చప్పట్లకేం తెలుస్తుందయ్యా? గొంతయితే మారితే తెలుస్తుంది. నీతో చచ్చే చావు వచ్చింది!" అని ఆవిడ విసుక్కుని బుట్ట ఎత్తుకుని దిగడం మొదలుపెట్టింది. పది అడుగులు దిగి, "నాయనా, ఉన్నావా?" అని పిలిచింది. అతను చప్పట్లు కొట్టాడు. ఇంకొంచెం దిగి మళ్లీ పిలిచింది. మళ్లీ చప్పట్లు. మూడోసారి చప్పుడు వినబడలేదేమో, రొప్పుకుంటూ సగందాకా వెనక్కి ఎక్కి వచ్చి, అతను కూర్చునే ఉన్నాడని చూసుకుని, నెత్తి కొట్టుకుంది. "మనిషివా, గుంజవా? సరే, పలక్కు. నేనే వాగుతుంటా. నా మాట ఆగిందంటే మాత్రం గబగబా రా. ఊపిరి బిగబట్టి రా, కింద వంగి ఉండిపోకు. విన్నావా?" అంది. విశ్వపతి విననే లేదు. ఆవిడ తొందరగా వెళ్తే చాలని తల మాత్రం ఊపాడు. మనసులో, ఒక్క రాత్రి, ఒక్క రాత్రి అని పళ్లు కొరుకుతున్నాడు.

ఆవిడ దిగింది. గొంతు చిన్నదవుతూ వచ్చింది గాని ఆగలేదు. గిన్నెలాంటి చోటు కాబట్టి కింద గొణిగినా పైకి స్పష్టంగా వస్తుంది. రాళ్లు జారుతున్నాయంది. నీళ్లు పోయినేటికంటే తగ్గాయంది. "ఇదిగో, వచ్చాను, అలగమాకు," అని ఎవరితోనో అంది. అగ్గిపుల్ల అంటుకోవడం లేదంది. ఇంకోటి గీసింది, అదీ ఆరిపోయిందంది. "పెట్టె చెమ్మగిల్లిందా ఏం? ఉండు, ఇంకొక్కటి, ఇంకొక్కటి గీస్తా," అంది. ఆ గొంతు నిద్రమత్తులో ఉన్నవాళ్ల గొంతులా సాగింది. విశ్వపతి చెవుల్లో పడింది గాని మనసులో పడలేదు. ఆవిడ వాగుడులో అదొక ముక్క, అంతే.

ఆ తరవాత మాట ఆగింది.

హమ్మయ్య అనుకున్నాడు విశ్వపతి. నిజంగానే అనుకున్నాడు, దాచిపెట్టి లాభం లేదు. కళ్లు మూసుకున్నాడు. ఎండ ఒంటికి హాయిగా ఉంది. కొండ, నీళ్లు, ఆకాశం, వాటి మధ్య ఒక్క చప్పుడు లేదు. తను పుట్టి ఇన్నేళ్లలో వెతుక్కున్నది ఇదే, ఇంత నిశ్శబ్దంలో బతుకంతా గడిపేయవచ్చు అనుకుంటూ దాన్ని గుక్కలు గుక్కలుగా తాగాడు. ఎంతసేపు అలా ఉన్నాడో అతనికే తెలియదు. నిండుగా ఊపిరి తీసుకుని వదులుతుండగా, ఎక్కడో అడుగున చిన్న సందేహం కదిలింది. అచ్చయ్యమ్మ ఎందుకు మాట్లాడటం లేదు? నిద్రలో కూడా పలవరించే మనిషి కదా?

కళ్లు తెరిచి లేచి చూశాడు. నీళ్ల పక్కన పల్లంలో ఆవిడ ఒక రాతికి చేరగిలి కూర్చుని ఉంది. తల భుజం మీదికి వాలింది. చుట్టూ ఆరిపోయిన అగ్గిపుల్లలు. పక్కన ప్రమిద, అందులో వెలగని వత్తి. అప్పుడు, పొద్దుట జపం అడ్డం పెట్టి తోసేసిన మాటలు కొన్ని ఎక్కడినుంచో తిరిగి వచ్చి నిలబడ్డాయి. గాలి ఆడని రోజున గుండం పల్లంలో చెడ్డగాలి నిలుస్తుందని, కంటికి కనబడదని, ముక్కుకు తెలియదని, గొర్రెలు తలవంచి నీళ్లు తాగబోయి పడిపోతాయని, అగ్గిపుల్ల ఆరిపోయిన చోట మనిషి ఆగకూడదని. దారిలో ఆవిడ 'గుర్తుపెట్టుకో నాయనా' అన్నది దీన్నే.

అంత కంగారులోనూ, కేక వెయ్యకుండా దిగినా సరిపోతుంది కదా అని ఒక ఆలోచన అతనికి వచ్చింది. అంతటి మనిషి! గది అంత దగ్గరికి వచ్చింది మరి. కాని ఆవిడ అంత దూరంలో ఉంది, ఆ కూర్చున్న తీరు చూడలేకపోయాడు. నోరు తెరిచాడు. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. ఇన్నాళ్లు వాడని గొంతు. రెండోసారి, "అచ్చయ్యమ్మా!" అని గుండం నాలుగు వైపులా మారుమోగేలా అరిచాడు. చేతిలోని పలక రాతిమీద పడి ముక్కలైంది. కింద ఆవిడ వేళ్లు కదిలాయి. "అచ్చయ్యమ్మా! లే! లే!" అని అరుస్తూనే రాళ్ల మీద జారుకుంటూ దిగాడు. పల్లం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెప్పినట్టే ఊపిరి బిగబట్టాడు. చంకల కింద చేతులు వేసి లాగాడు. ఆవిడ బరువు, రాళ్ల ఏటవాలు, ఊపిరి అందక గుండెలు పగిలిపోతున్నాయి. పల్లం దాటి పైకి వచ్చాక గాని ఊపిరి వదలలేదు. అక్కడినుంచి ఆవిడను ఎలా పైకి చేర్చాడో అతనికి ఇప్పటికీ తెలియదు. మాట్లాడుతూనే చేర్చాడని మాత్రం తెలుసు. అమ్మా అన్నాడు, తల్లీ అన్నాడు, కళ్లు తెరువు అన్నాడు, వంకాయల గురించి ఏదైనా చెప్పు అన్నాడు.

గది నీడలో పడుకోబెట్టి, తను తెచ్చుకున్న మరచెంబులోని నీళ్లు ముఖం మీద చల్లాక ఆవిడ వాంతి చేసుకుంది. తరవాత చాలాసేపు కప్పు వైపు చూస్తూ పడుకుంది. చివరికి, "ఇందాక పిలిచింది ఎవరు?" అని అడిగింది.

"నేనేనమ్మా."

"నువ్వా?" అని అతని ముఖంలోకి చూసింది. ఆ గొంతు ఆవిడ ఎప్పుడూ వినలేదు కదా. "మా ఆయన అనుకున్నా. ఇన్నేళ్లకి పలికాడే అనుకున్నా," అంది.

విశ్వపతికి అర్థం కాలేదు. అచ్చయ్యమ్మకు అప్పుడు కోపం వచ్చింది. కోపం రావడం చూసి అతనికి ప్రాణం కుదుటపడింది. "పొద్దుటినుంచీ చెప్పుకుంటూ వచ్చానే, దారంతా నేను చెప్పింది ఎవరికి? కొండకా?"

"వినలేదమ్మా," అన్నాడు విశ్వపతి. "మళ్లీ చెప్పండి."

ఆవిడ కాసేపు అలిగినట్టు అటు తిరిగింది. ఎంతసేపు అలగగలదు? చెప్పింది. పోలయ్య ఆవిడ భర్త. గొర్రెలు మేపేవాడు. మాట తక్కువ మనిషి. పిలిస్తే పలికేవాడు కాదు, వచ్చి ఎదురుగా నిలబడేవాడు. ఒక రోజు ఇలాగే గాలి ఆడని పూట, ఒక గొర్రె గుండంలోకి దిగితే తేవడానికి వెళ్లాడు. ఆవిడ ఈ అంచు మీదే నిలబడి పిలిచింది. పలకలేదు. ఆయనంతేలే, వస్తాడులే అనుకుని కూర్చుంది. కొంగున కట్టుకున్న వేరుశనగలు కూడా తిన్నది. "తిన్నాను నాయనా, ఒక్కొక్కటే ఒలుచుకుని," అంది. ఆ తరవాత పేటవాళ్లు వచ్చి తీశారు. కట్టుబాటు ముందునుంచీ ఉన్నదే. ఆయన పలకడని తెలిసి కూడా ఆయనకోసం దాన్ని సడలించుకుంది తనేనట. "ఆనాటినుంచి ఎవరైనా పలక్కుండా ఉంటే నాకు ఊపిరాడదు. అందుకే వాగుతుంటా. మీకందరికీ విసుగని నాకు తెలవదా?"

విశ్వపతి తల దించుకున్నాడు. "అగ్గిపుల్లలు ఆరిపోతుంటే మీకు తెలియలేదా అమ్మా? మీరే చెప్పారు కదా ఆగకూడదని," అని అడిగాడు.

"తెలుసు. తెలిసే ఇంకొక్కటి అనుకున్నా. ఈ ఏడు దీపం పెట్టకుండా ఎట్టా పోవడం అని. ఆ గాలి తగిలినవాడికి బుద్ధి పనిచెయ్యదయ్యా. చాలు, రా అని పైనున్నవాడు చెప్పాలి. అందుకే కదా మనిషిని కూర్చోబెట్టేది."

దీపం విశ్వపతే పెట్టాడు. ఆవిడను కిందికి వెళ్లనివ్వలేదు, తనే ఊపిరి బిగబట్టి దిగి బుట్టా ప్రమిదా అగ్గిపెట్టే పట్టుకొచ్చాడు. పులిహోర పొట్లం విప్పిన అరిటాకు ముక్క పరిచి, గుండం వైపు కిటికీలో, తన చాపకు ఎదురుగా వస్తుందని పొద్దుట అనుకున్న చోటనే ప్రమిద పెట్టి వెలిగించాడు. జేబులో వేరే అగ్గిపెట్టె లేదు, ఆవిడ పెట్టెలో మిగిలిన పుల్లే. అది మొదటి గీతకే అంటుకుంది.

దిగేటప్పుడు అతను ముందు నడవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాడు. ఆవిడ మాట్లాడింది. కొద్దిగా ఆయాసపడి ఆగితే చాలు, అతను ఆవిడ ముఖంలోకి తొంగి చూసేవాడు. "ఊఁ, ఆ తరవాత?" అనేవాడు. ఆ తరవాత పోలయ్య చేపల పులుసులో చింతకాయ వేస్తేనే తినేవాడని చెప్పింది. ఆ తరవాత, ఆయన తేబోయిన గొర్రె బతికే ఉండి సాయంత్రానికి తనే ఇంటికి వచ్చిందని చెప్పింది. విసుగు రాలేదా అంటే, వచ్చింది. పులుసు సంగతి మూడోసారి మొదలైనప్పుడు బాగానే వచ్చింది. అయినా "ఊఁ" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఆశ్రమం చేరారు. అచ్చయ్యమ్మను పడుకోమంటే వినకుండా వంటశాలలోకి వెళ్లి, తను లేని పూట ఎవరో తడికట్టెలు పేర్చారని కట్టెల మీద విరుచుకుపడింది. విశ్వపతి వరండాలో కూర్చున్న పెద్దస్వామి కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి.

"పలకేదీ?" అన్నారు స్వామి.

"పగిలిపోయింది స్వామీ. మౌనం కూడా పోయింది. ఒక్క రాత్రి మిగిలి ఉండగా." అతని గొంతులో ఉక్రోషం ఉంది, ఏడుపూ ఉంది. అంత ఆశపడిన గది కదా.

"ఎక్కడ పోయింది?"

"గుండం అంచు మీద. కేక వేశాను. ఆ తరవాత ఇక ఆగలేదు, దారంతా మాట్లాడుతూనే వచ్చాను."

"ఏం మాట్లాడావు?"

విశ్వపతి ఆలోచించాడు. "ఊఁ అన్నాను. ఆ తరవాత, అన్నాను. అంతే స్వామీ."

"ఆవిడేం చెప్పింది?"

అతను చెప్పాడు. పోలయ్య గురించి, పిలిస్తే పలకకుండా వచ్చి నిలబడే ఆయన అలవాటు గురించి, వేరుశనగల గురించి, చింతకాయ పులుసు గురించి, తనే ఇంటికొచ్చిన గొర్రె గురించి. ఒకచోట తప్పు చెప్పి, కాదు కాదు, ఆవిడ ఇలా అంది అని దిద్దుకున్నాడు. పెద్దస్వామి కదలకుండా విన్నారు. వంటశాలలోంచి కట్టెల మీద తిట్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కసారి ఆ తిట్లు ఆగాయి. విశ్వపతి మాట మధ్యలో ఆపి, మెడ చాచి అటు చూశాడు. మళ్లీ వినబడ్డాక గాని తన కథ కొనసాగించలేదు.

అంతా అయ్యాక, "మండలం మళ్లీ మొదటినుంచి పట్టాలి కదా స్వామీ," అన్నాడు నీరసంగా. "రేపటినుంచి పట్టనా?"

పెద్దస్వామి స్తంభం పట్టుకుని మెల్లగా లేచారు.

"రేపటినుంచి ఎందుకోయ్? కేక వేశానన్నావే, లెక్క అక్కణ్ణుంచి పెట్టుకో."